చక్రముల మీది ఇల్లు, మజిలీ నేల

ఇల్లు ఒకచోట నిలిచియుండును, మనిషి తిరిగి వచ్చి దానిని చేరుకొనును. లోకములో సామాన్యమైన ఏర్పాటు ఇది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొందరు ఈ ఏర్పాటును తలక్రిందులు చేసిరి. స్థిరమైన ఇల్లు అమ్మివేసి, పడక, వంటగది, స్నానపు గది గల మోటారు వాహనమునే గృహముగా చేసికొని, ఏడాది పొడుగునను ప్రయాణించుచు జీవించువారు అచ్చట పెక్కుమంది కలరు. వారిలో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు చాలమంది. ఈ వాహనములను అచ్చటివారు ఆర్.వి. లందురు. వీరి స్వేచ్ఛను గూర్చి వినని వారుండరు. కాని ఇల్లు పగలంతయు ఎంత దూరము పరుగెత్తినను, సాయంకాలమునకు ఎక్కడనో ఒకచోట నిలువవలెను గదా! ఆ మజిలీ నేల ఎవరిది? దానిని సిద్ధము చేసిన వారెవరు? అచ్చట ఎన్నాళ్లు ఉండనిత్తురు? బండి కథ కంటె ఈ మజిలీ కథయే మనకు ఎక్కువ నేర్పగలదని మాకు తోచుచున్నది.

ముందుగా నేల సంగతి చూతము. 1864లో, అంతర్యుద్ధము ఇంకను సాగుచుండగనే, యోసెమిటీ లోయను, దానికి చేరువనున్న మహావృక్షముల తోపును కాలిఫోర్నియా రాష్ట్రమునకు ఒప్పగించు శాసనముపై అధ్యక్షుడు లింకను సంతకము చేసెను. ఆ భూమిని ప్రజల విహారమునకై శాశ్వతముగా కాపాడవలెననునది అందలి నిబంధన. ఆ లోయ 1906లో మరల కేంద్ర ప్రభుత్వమునకు చేరినది. అయినను, ప్రజలందరి కొరకు ఒక రాష్ట్రము అడవిని కాపాడవచ్చునను భావము నిలిచిపోయెను. 1885లో న్యూయార్కు రాష్ట్రము నయాగరా జలపాతము చెంతనున్న నేలను ప్రజలపరము గావించెను. 1891లో మిన్నెసోటా రాష్ట్రము మిసిసిపీ నది పుట్టుచోటైన ఇటాస్కా సరస్సును పార్కుగా ప్రకటించెను. స్టేట్ పార్కులను రాష్ట్ర వనములకు పునాది ఇట్లు పడినది. మోటారు కారు వచ్చి తమ చెట్ల నడుమ బస చేయునని ఆ స్థాపకులు కలనైనను తలచి యుండరు.

1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారు కొన్ని ఏండ్లలోనే సామాన్య గృహస్థునకు అందుబాటులోనికి వచ్చెను. కారు ప్రక్కన గుడారము కట్టుకొని, డబ్బాలలోని ఆహారము వెచ్చచేసికొని తినుచు, చలికాలమున దక్షిణమునకు తరలిపోవు కుటుంబములు బయలుదేరెను. 1919లో ఫ్లారిడాలోని టాంపా నగరమున అట్టివారు ఒక సంఘముగా నేర్పడి, 'టిన్ కాన్ టూరిస్టులు' అని పేరు పెట్టుకొనిరి. రేకుడబ్బా యాత్రికులని మనము చెప్పుకొనవచ్చును. కారు రేడియేటరు మూతపై అమర్చిన రేకుడబ్బాయే వారి గుర్తు.

పట్టణములు మొదట వీరిని ఆదరించినవి. యాత్రికులు వచ్చినచో అంగళ్లకు బేరము పెరుగునని ఊరి చివర స్థలము, నీరు ఉచితముగా ఇచ్చినవి. కాని ఉచితమన్న చోటికి విలాసయాత్రికుడు మాత్రమే వచ్చునా? పని వెదకుకొనుచు తిరుగు పేద కుటుంబములును వచ్చి, అచ్చటనే కాపురము పెట్టినవి. 1920వ దశకము నడిమి నుండి రుసుములు, రోజుల పరిమితులు బయలుదేరినవి. అతిథి కావలెను గాని దిమ్మరి అక్కరలేదన్నమాట! ఈ నియమములకు శుభ్రత ఒక కారణము, పేదవానిని దూరముంచవలెనను కోరిక మరియొక కారణము. ఈ రెండును కలిసిపోయిన సంగతిని చరిత్ర చదువువారు మరువరాదు.

అదే కాలమున వనములకు వేరొక ఆపద వచ్చెను. కార్లు తమ యిష్టము వచ్చినట్లు చెట్ల నడుమ తిరుగుటచే నేల గట్టిపడెను. నీరింకక, పైపైన నుండు వేళ్లు నలిగి, శతాబ్దముల వయస్సు గల వృక్షములు క్షీణింపసాగెను. దీనిని కాలిఫోర్నియా వనములలో శ్రద్ధగా పరిశీలించినవాడు మైనెకె అను వృక్షరోగ శాస్త్రజ్ఞుడు. యాత్రికులను వెడలగొట్టుమని ఆయన చెప్పలేదు. ఒకే దిక్కున పోవు వలయాకారపు దారి వేసి, దాని ప్రక్కలనుండి చిన్న చిన్న చీలికలు తీసి, ఒక్కొక్క చీలికలో ఒక్కొక్క కారు నిలుపవలెననియు, బల్ల, పొయ్యి అచ్చటనే స్థిరముగా అమర్చి, రాళ్లతోను దుంగలతోను హద్దు కట్టవలెననియు 1932లో సూచించెను. మనిషి నిలువవలసిన చోటు నిర్ణయమైనచో చెట్టు బ్రదుకునని ఆయన సిద్ధాంతము. నేటి స్టేట్ పార్కులలోని విడిదులు పెక్కు ఈ పద్ధతిని బట్టియే యున్నవి.

ఈ పథకమునకు చేతులు దొరకినది ఆర్థిక మాంద్యమువలన. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్టు నిరుద్యోగ యువకులకై 'సివిలియన్ కన్సర్వేషన్ కోర్' అను దళమును నెలకొల్పెను. 1942 వరకు సుమారు 30 లక్షల మంది అందు పనిచేసిరి. స్టేట్ పార్కులలోని దారులు, రాతి కట్టడములు, దూలపు కుటీరములు ఎన్నియో వారి చేతిపనియే. అయితే ఆ చేతులు కట్టిన ద్వారములు అందరికిని తెరువబడలేదు. దక్షిణ రాష్ట్రములలో అనేక పార్కులలోనికి నల్లజాతివారిని రానీయలేదు. వర్జీనియా రాష్ట్రము 1950లో వారికి వేరుగా ఒక పార్కును తెరచినది. 1964 నాటి పౌరహక్కుల శాసనము ఇట్టి వేర్పాటును నిషేధించెను.

ఇక బండి సంగతి. కారు వెనుక లాగుకొనిపోవు ట్రెయిలరు ఇండ్లు 1930వ దశకమున ప్రబలెను. వాలీ బైయమ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో వెలువరించిన మెరుగు లోహపు 'క్లిప్పర్' వాటిలో ప్రసిద్ధమైనది. 1956 నాటి శాసనముతో మహా రహదారులు వెడలుపయ్యెను. 1966 నుండి విన్నెబాగో సంస్థ మోటారు గృహములను తయారుచేయుటతో అవి మధ్యతరగతి వారికి చేరువయ్యెను. అప్పుడు క్రొత్త చిక్కు వచ్చెను. స్థిరనివాసము లేనివానికి ఉత్తరము ఎచ్చటికి రావలెను? వోటు ఎచ్చట వేయవలెను? 1978లో ఏర్పడిన 'ఎస్కేపీస్' సంఘము టెక్సాసులోని లివింగ్‌స్టన్ ఊరిలో సభ్యుల ఉత్తరములను స్వీకరించి, వారున్న చోటికి పంపు ఏర్పాటు చేసినది. బండి ఎంత తిరిగినను కాగితముపై ఒక ఊరు ఉండక తప్పలేదు.

నేడు అనేక స్టేట్ పార్కులలో బస పరిమితి 14 రాత్రులు. ఆపైన బండి కదలవలెను, మరియొకరికి చోటీయవలెను. ఎక్కువ కాలము ఉండగోరువారు 'క్యాంప్ హోస్టు'లుగా చేరి, వచ్చినవారికి దారి చూపుచు, విడిదులను శుభ్రపరచుచు, ప్రతిఫలముగా ఉచిత బస పొందుదురు. ఆనాడు చిన్న కార్లకై తీర్చిన చీలికలలో నేటి భారీ వాహనములు కొన్ని పట్టవు. వీటినన్నిటిని ఓర్చుకొనవచ్చును. కాని 2020 వసంతమున మహమ్మారి వ్యాపించి, అనేక రాష్ట్రములు పార్కుల విడిదులను మూసివేసినప్పుడు, 'ఇంటిపట్టున నుండుడు' అను ఆజ్ఞ వీరికి కఠినమైన చిక్కు ప్రశ్న యైనది. ఇల్లు వెంటనే యున్నది. దానిని నిలుపుటకు నేల లేదు.

బండి వ్యక్తిది, నేల సమాజముది. ఆ రాత్రి బస వెనుక ఒక శాసనము, ఒక శాస్త్రజ్ఞుని పరిశీలన, లక్షలాది నిరుద్యోగ యువకుల చెమట, ద్వారము తెరువుడని పోరాడినవారి పట్టుదల ఉన్నవి. మన పెద్దలు బాటసారికై సత్రము కట్టించునప్పుడు, మూడు పూటలకు మించి ఉండరాదను కట్టడి చేయుట కొన్నిచోట్ల కలదు. అది కరుణ లేకకాదు, వెనుక వచ్చు బాటసారిని తలచుకొనియే. స్టేట్ పార్కు ద్వారము చెంత 14 రాత్రుల నియమము చదువు యాత్రికుడును ఆ వెనుక వచ్చువానిని తలచుకొన్నచో, ఆ నియమము అతనికి బరువుగా తోపదు.