చాటల బీడీలు, పందిరి మీద చిక్కుళ్లు

రాండ్రి బిడ్డా, ఇంకింత మంట దగ్గరికి జరుగుండ్రి. పుష్యమాసం సలి, ఎముకల దాంక పోతది. నిప్పుల పల్లికాయ ఏసిన, అది కాలేదాంక ముచ్చట చెప్త.

మొన్న మన చిన్నది అడిగింది: "బాపమ్మా, మీకు టీవీ లేకపాయె, ఫోను లేకపాయె, సెలవులకు ఊర్లు తిరుగుడు లేకపాయె, మరి పొద్దెట్ల పోయేది?" అని. పొద్దు పోవుడు కాదు బిడ్డా, మాకు పొద్దే సాలకపోయేది. కూలికి పొద్దు, ఇంటి పనికి పొద్దు, పోను ఏమన్న మిగిలితే అది మా సంబురానికి. ఆ మిగిలిన ఇంతంత పొద్దులనే మేం ఎంత సుఖపడ్డమో చెప్త ఇనుండ్రి.

నేను పుట్టింది సిరిసిల్లల. మాది పద్మశాలోళ్ల ఇల్లు. ఇప్పుడు సిరిసిల్ల అంటే సాంచాల సప్పుడు, ఏ గల్లీల నిలవడ్డ టకటక ఇనవడ్తది. మా చిన్నప్పుడు చేతి మగ్గాలే ఎక్కువ. బాపు మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసుంటే మళ్ల బువ్వకే లేచేది. అవ్వ కండెలు సుట్టుడు, మేం పోరగాండ్లం అవి అందిచ్చుడు. పొద్దుగాల ఎండ ముదరకముందే వాడకట్టుల పడుగు సాపి గంజి పెట్టేటోళ్లు. వాడంత గంజి వాసన.

ఆ పడుగుకు పెట్టంగ మిగిలిన గంజిని అవ్వ పారబోయనియ్యకపోయేది. నీళ్లు కలిపి ఇంటెనుక చిక్కుడు పాదుకు పోసేది. తెగిన నూలు పోగులను సుత పారేయది. ఒక కట్ట లెక్క సుట్టి సూరులకు చెక్కేది. చిక్కుడు తీగ పందిరెక్కేటప్పుడు అవే పోగులతోని పానం పోసినట్టు మెల్లగ కట్టేది. గట్టిగ కడ్తే తీగ కోసుకపోతది, వదులుగ కడ్తే గాలికి జారుతది. మగ్గం మీద పోగు అతికే చెయ్యి కదా, దానికి ఎంత బిగువు కావాల్నో ఎరికె.

మిరుగం కార్తె ఎప్పుడొస్తదో మాకు క్యాలెండరు చెప్పకపోయేది. చేపల వాసన చెప్పేది. జూన్ మొదటి వారం దాటంగనే మిరుగం, ఆ రోజు ఇంటింట చేప కూర. తెల్లారి గింజలు బయటికి తీసుడు. బీర గింజలు కావాలంటే ఒక్క కాయను కొయ్యకుంట తీగ మీదనే ముదరనిచ్చి ఎండబెట్టేటోళ్లు. ఊపితే లోపట గలగలలాడాలె. గింజ గింజకాయె, పీచు ఒళ్లు రుద్దుకోనికాయె. మిగిలిన గింజలన్ని బూడిదల కలిపి కుండల ఏసేది అవ్వ, పురుగు పట్టకుంట. కొనుడు మాత్రం ఎప్పుడు లేదు. ఎనుక వాడల సాయిబుల ఇంటామె పుదీన ఏరు ఇస్తే, మా మైదాకు కొమ్మ ఆమె ఇంట్ల చెట్టయ్యింది. పుంటికూర ఒకల ఇంటికెల్లి, సొరకాయ ఇంకొకల ఇంటికెల్లి. ఏ చెట్టు ఎవలిచ్చిందో అందరికి ఎరికె. కూర వండినప్పుడల్ల ఆ ఇంటికి ఒక గిన్నె పోవాలె.

చిక్కుడు మాత్రం మంకు చెట్టు. వానకాలమంత ఆకే పెడ్తది. పందిరంత కమ్ముకుంటది గని పువ్వు ఎయ్యదు. మాకు ఓపిక ఉండకపోయేది, "అవ్వా, ఇది కాయని చెట్టే" అని పీకబోయేటోళ్లం. "దాని పొద్దు రానియ్యి" అనేది అవ్వ. పొద్దు కురచయి సలి మొదలు కాంగనే ఊదారంగు పూలు గెలలు గెలలు ఎత్తేది. సంకురాత్రికి కోసినా కొద్ది కాయనే.

పెండ్లయి కోరుట్లకు వచ్చిన. ఈడ మగ్గం లేదు, బీడీల చాట ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, ఏడ సూడు ఆడోళ్ల ఒళ్లె చాటనే. తునికాకు రాత్రి తడిపి పెట్టాలె, తెల్లారి రేకు పెట్టి కత్తిరియ్యాలె, ఇంత తంబాకు ఏసి సుట్టి, మొన మడిసి, దారం కట్టాలె. వెయ్యి బీడీలు అయ్యేదాంక నడుము లేపొద్దు. ఆ తంబాకు దుమ్ముకు దగ్గు, మెడలు గుంజుడు, అవన్ని నా ఒంట్ల ఇప్పటికి ఉన్నయి. కష్టం కాదని నేను అనను.

గని మా అత్త ఒక మంచి పని చేసింది. నా చాటను ఇంట్లకెల్లి తీసి పెరట్ల చిక్కుడు పందిరి కింద పెట్టింది. "చేతులు ఎట్లైన పని చేస్తయి, కండ్లకన్న పచ్చగ ఉండనియ్యి" అన్నది. గంతే బిడ్డా, వాడల నలుగురైదుగురు ఆడోళ్లు చాటలు పట్టుకోని మా పందిరి కిందికే రావట్టిరి. ఒకామె పాట ఎత్తుకుంటే తక్కినోళ్లు అందుకునుడు. చేతులు బీడీ మీదనే ఉండు, ముచ్చట మాత్రం ఊరంత తిరుగు. కత్తిరింపుల ఆకంత పెంటకుప్పల పడి ఎరువాయె. చిక్కుడుకు పేనుబంక పడ్తది కదా, నల్లగ కొసల పొంటి అంటుకుంటది. చాటల మిగిలిన తంబాకు దుమ్మును రాత్రంత నీళ్లల నానబెట్టి, వడగట్టి, తెల్లారి సల్లుతే బంక రాలిపోయేది. మమ్ముల దగ్గిచ్చిన తంబాకే మా చెట్టును కాపాడింది.

మీ తాత దుబాయి పోయిండు. మన దిక్కు ఇంటికొకలు పోయిన కాలం అది. ఉత్తరం వస్తే చదివిచ్చుకోవాలె. తర్వాత టేపురికాటరు వచ్చింది, క్యాసెట్ల మాటలు నింపి ఊరికి వచ్చి పోయేటోళ్లతోని పంపేటోళ్లం. ఆయన క్యాసెట్ల పైసల ముచ్చట అయినంక అడిగేది ఒక్కటే, "చిక్కుడు పూత పట్టిందా?" అని. నేను పందిరి కిందనే కూసోని నింపేదాన్ని. బీడీలు సుట్టేటోళ్ల మాటలు, పిట్టల సప్పుడు, మీ నాయిన ఏడుపు అన్నీ అండ్ల పడేటియి. క్యాంపుల పది మంది ఒక్క రూముల పండుకునేటోళ్లు. అందరు సుట్టు కూసోని ఇన్నరట. వచ్చేటప్పుడు బంగారం తెచ్చినా మర్చిపోయిన గని, ఆ ముచ్చట చెప్పంగ ఆయన మొఖం నాకు యాది ఉంది.

ఇగ ఊరు తిరుగుడంటవా. మేం దూరం పోలేదు. పొద్దుగాల పోయి పొద్దూకేటాళ్లకు వచ్చుడే.

సిరిసిల్ల నుంచి ఎములాడ గుడికి ఎంత దూరం, 12 కిలోమీటర్లు. చిన్నప్పుడు సవారి కచ్చురంల పోయేటోళ్లం. కోడి కూయకముందే లేపేది అవ్వ. కచ్చురంల గడ్డి పరిసి, మీద గొంగడి ఏసి, మూటల సద్ది. సర్వపిండి చేసుకునేది. సర్వ గిన్నె అడుగున పిండి ఒత్తి, ఏలితోని బొక్కలు పెట్టి, అండ్ల నూనె ఇడిసి, చిన్న మంట మీద కాల్సాలె. నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయ పడ్డదంటే రెండు రోజులైనా పాడు కాదు, సల్లారితే ఇంక కమ్మగుంటది. ఎములాడల ధర్మగుండంల తానం, ఆనంక కోడె మొక్కు. కోడెను పట్టుకోని గుడి సుట్టు తిరిగి కట్టేసుడు. నాకు దేవుని కన్న ఆ కోడె మెడ కింద గంగడోలు నిమురుడే ఎక్కువ సంబురం. అదే గుడి ఆవరణల దర్గ ఉండేది, ఆడ సుత మొక్కి అవుతల పడేటోళ్లం. ఎవలు ఏమనకపోయేది.

ఎములాడ పక్కనే హన్మాజిపేట. కవి సినారె పుట్టిన ఊరు, 1931ల. నిజాం కాలంల సిరిసిల్లల ఉర్దూల సదివిండు, 1988ల జ్ఞానపీఠం తెచ్చుకున్నడు. ఒగ్గు కథల మిద్దె రాములు సుత ఆ ఊరోడే. మా కాలంల ఒగ్గు కథ పెట్టిచ్చిండ్రంటే బస్త సంచి సంకల పెట్టుకోని పోవుడు, ముందల జాగ పట్టుడు. మల్లన్న కథ మొదలైతే పొద్దు పొడిసేదే. తెల్లారి మగ్గం కాడ కునికిపాట్లు పడ్డా బాపు ఏమనకపోయేది, ఆయన సుత ఆడనే ఉండె కదా.

బతుకమ్మ ముచ్చట చెప్పకపోతే నా నోరు ఊకోదు. అందరికి సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు. ఎములాడల మాత్రం ఏడో రోజే. ఎందుకంటే ఆడబిడ్డ పుట్టింట్ల ఏడో నాడు ఆడి, మళ్ల అత్తగారి ఊరికి పోయి తొమ్మిదో నాడు ఆడొచ్చు. ఎంత కనికరం చూసిండ్రో చూడుండ్రి, ఆడపిల్లకు రెండు దిక్కుల పండుగ అందాలని ఒక ఊరు ఊరే తేది మార్చుకున్నది. నాకు తెల్సినంతల ఆడోళ్ల సంబురం కోసం పెట్టిన కట్టుబాట్లల ఇంత చక్కనిది ఇంకోటి లేదు.

పూలకు పోవుడే ఒక యాత్ర. తంగేడు కోసం గుట్టల పొంటి, గునుగు కోసం చేన్ల గట్ల పొంటి. గునుగు తెచ్చి కట్టలు కట్టి, మొదలు సమంగ కత్తిరిచ్చి, సగం కట్టలు రంగునీళ్లల ముంచి ఆరబెట్టాలె. ఆకుపచ్చ, గులాబి, ఊద. వారం రోజుల దాంక చేతుల రంగు పోకపోయేది. తాంబాలంల గుమ్మడాకు పరిసి, ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, నడుమ కట్ల పూలు, బంతి. లోపట బోలు లేకుంట ఆకు దంచి నింపకపోతే రెండో వరుసకే ఒరుగుతది. మా పందిరి కింద పెంచిన బంతి ఆ తొమ్మిది రోజులకు మా ఇంటికి, అటు నాలుగిండ్లకు సరిపోయేది.

జగిత్యాలకు బిడ్డనిచ్చినంక అటు దిక్కు తిరుగుడు మొదలాయె. నక్షత్రం ఆకారంల కట్టిన ఖిల్లా, సుట్టు కందకం, పైన తోపులు. మీ అత్త నన్ను తోలుకపోయి చూపెట్టింది. ఎండకాలం మామిడి తోటలు. జగిత్యాల మామిడికాయ చల్‌గల్ మార్కెట్ల లారీలెక్కి ఢిల్లీ దాంక పోతది. మనకు మాత్రం తోట కాడ చెట్టు కింద కూసోని తినుడే మేలు. పొలాసల వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, మనం తినే జగిత్యాల సన్నాలు ఆడ పుట్టిన వడ్లే. మీ మామ ఒకసారి ఆ చేన్లు చూపెడ్తే, గట్టు మీద నిలవడి చాన సేపు చూసిన. బువ్వ ఏడికెల్లి వస్తదో కండ్లతోని చూసుడు సుత ఒక తీర్థమే.

కార్తీకంల చెట్ల కిందికి వంటలకు పోయేటోళ్లం. ఉసిరి చెట్టు కింద మూడు రాళ్లు పెడ్తే పొయ్యాయె. ఒకలు బియ్యం, ఒకలు పప్పు, ఒకలు వంకాయ. పచ్చిపులుసు అక్కడనే పిసికేది. బీడీలు సుట్టే ఆడోళ్లకు ఆ ఒక్క రోజు చాట పట్టని రోజు. కూలి పోతదని ఎరికె, అయినా పోయేటోళ్లం. ఆ కూలి పైసలు ఇప్పుడు ఎవల కాడ లేవు, ఆ రోజు మాత్రం అందరి నోట్ల ఉంది.

ఒక్క బాధ చెప్తే మీరు సుత ఎరుక పెట్టుకోవాలె. మానేరు మీద మిడ్ మానేరు డ్యాం కట్టినంక అనుపురం, రుద్రవరం, చింతల్‌ఠాణా, కొడుముంజ అసొంటి ఊర్లు నీళ్లల పోయినయి. ఇప్పుడు ఆ నీళ్లు సూడనికి మంది కార్లల పోతరు, ఫోటోలు దిగుతరు. పొలాలకు నీళ్లు కావాల్సిందే, కాదనను. గని మా చిన్నమ్మ బిడ్డ ఇల్లు, పెరడు, బాయి అన్నీ ఆ నీళ్ల కిందనే ఉన్నయి. పునరావాస కాలనీకి వచ్చేటప్పుడు ఆమె సామాన్ల ముందు మల్లె కొమ్మ, కల్యామాకు పిలక తవ్వుకోని వచ్చింది. నష్టపరిహారం లెక్కల ఇండ్లు రాసిండ్రు, చెట్లు రాసిండ్రు, పందిరి కింద కూసున్న పొద్దులు ఎవలు రాస్తరు? ఆ కట్ట మీద నిలవడ్డప్పుడు జర ఆ ఊర్ల పేర్లు తలుసుకోండ్రి.

ఇప్పుడు కోరుట్లకు రైలు బండి వచ్చింది, 2017ల పెద్దపల్లి, నిజామాబాదు లైను మొత్తం కలిసింది. మా చిన్నప్పుడు రైలంటే కథల ఇన్నదే. మీకు ఇంటి ముందలికి వచ్చింది. ధర్మపురికి బస్సులున్నయి. 2015 జులైల పుష్కరాలకు ఆడ కాలు పెట్ట జాగ లేదు, ఉత్త రోజులల పోతే గోదారి, మెట్లు, మీరే. నర్సింహ సామి గుడిల యమధర్మరాజుకు సుత గుడి ఉంది, అసొంటిది చాన అరుదు.

మీకు సెలవు దొరుకుతలేదు, పైసలు కూడుతలేవు అంటరు. మాకు రెండూ లేకుండె బిడ్డా. పల్లికాయ కాలింది, తీసుకోండ్రి, చెయ్యి సురుక్కుమంటది జాగ్రత్త. వచ్చే ఐతారం పొద్దుగాల్నే లేవుండ్రి, అందరం కలిసి ధర్మపురి పోదాం. పులిగోర నేను కలుపుత, సర్వపిండి మీ అమ్మ చేస్తది. ఫోన్లు సుత తెచ్చుకోండ్రి, గోదారి మెట్ల మీద నాతోని ఒక ఫోటో దిగుండ్రి.