నమూనా రైలుమార్గం

నమూనా రైలుమార్గం లేదా మోడల్ రైల్వే అనగా నిజమైన రైళ్ళను, పట్టాలను, స్టేషన్లను, వాటి పరిసరాలను ఒకే నిష్పత్తిలో తగ్గించి నిర్మించే చిన్న రూపం. ఈ నిర్మాణం మొత్తాన్ని లేఅవుట్ అంటారు. బొమ్మరైలుకూ దీనికీ ప్రధానమైన తేడా కొలత. బొమ్మరైలు చూపునకు రైలువలె ఉంటే చాలును. నమూనా రైలులో పెట్టె పొడవు, కిటికీల సంఖ్య, ప్లాట్‌ఫారం ఎత్తు కూడా అసలుతో సరిపోవలెను. ఈ అభిరుచి గలవారు ఒకే లేఅవుట్‌పై ఏళ్ళ తరబడి పనిచేస్తూ, పని ఎంతవరకు వచ్చినదో తోటివారికి దశలవారీగా చూపుతూ ఉంటారు.

చరిత్ర

జర్మనీకి చెందిన మెర్క్లిన్ సంస్థ 1891లో లీప్‌జిగ్ సంతలో స్థిరమైన కొలతలు గల బొమ్మ పట్టాలను ప్రదర్శించినది. దీనివలన కొన్నవారు తమ పట్టాలకు మరికొన్ని జతచేసుకుంటూ మార్గాన్ని పెంచుకునే వీలు కలిగినది. 1910లో లండనులో మోడల్ రైల్వే క్లబ్ ఏర్పడినది. అమెరికాలో 1934లో మోడల్ రైల్‌రోడర్ పత్రిక, 1935లో జాతీయ స్థాయి సంఘం ప్రారంభమైనవి. చక్రాలకు, పట్టాలకు ఈ సంఘం నిర్ణయించిన కొలతల వలన వేర్వేరు సంస్థల బండ్లు ఒకే పట్టాలపై నడవడం సాధ్యమైనది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు 1946లో నెలకొల్పిన మోడల్ రైలు క్లబ్బుకు కంప్యూటర్ల చరిత్రలోనూ స్థానం కలదు. "హ్యాకర్" అనే మాట కంప్యూటర్ రంగానికి ఈ క్లబ్బు నుండే వచ్చినదని చెబుతారు. 2001లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ప్రారంభమైన మినియేచర్ వండర్‌లాండ్ ప్రపంచంలోని అతిపెద్ద లేఅవుట్లలో ఒకటి.

స్కేలు, గేజి

అసలు వస్తువును ఎన్నవ వంతుకు తగ్గించినారో తెలిపేది స్కేలు. రెండు పట్టాల నడుమ గల దూరం గేజి. ప్రపంచంలో ఎక్కువ వాడుకలో ఉన్నది హెచ్.ఓ. స్కేలు. ఇందులో వస్తువు 87వ వంతు ఉంటుంది, పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. స్థలం తక్కువగా ఉన్నవారు 160వ వంతు గల ఎన్ స్కేలును ఎంచుకుంటారు. దాని గేజి 9 మిల్లీమీటర్లు. జెడ్ స్కేలు ఇంకా చిన్నది, 220వ వంతు.

భారతీయ రైళ్ళ నమూనాలలో చిక్కు

యూరప్, అమెరికాలలోని ప్రామాణిక గేజి 1,435 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే సరిగా 16.5 వస్తుంది. భారతీయ బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కనుక అదే స్కేలులో దాదాపు 19.3 మిల్లీమీటర్లు కావలెను. బజారులో దొరికే పట్టాలపై నిలిపిన భారతీయ బోగీ, చక్రాల వద్ద సుమారు 3 మిల్లీమీటర్ల మేర ఇరుకుగా కనిపిస్తుంది.

దీనికి మూడు మార్గాలు గలవు. మొదటిది, ఈ తేడాతో రాజీపడి 16.5 మిల్లీమీటర్ల పట్టాలనే వాడుకోవడం. ఇంగ్లండులోనూ 76వ వంతు నమూనాలను ఇవే పట్టాలపై నడుపుతూ ఇటువంటి రాజీకే అలవాటుపడినారు. రెండవది, పట్టాలను, ఇరుసులను స్వయంగా 19.3 మిల్లీమీటర్లకు తయారు చేసుకోవడం. ఇది మిక్కిలి శ్రమతో కూడినది. మూడవది, మీటరుగేజిని ఎంచుకోవడం. మీటరును 87తో భాగిస్తే 11.5 మిల్లీమీటర్లు వస్తుంది. 12 మిల్లీమీటర్ల పట్టాలు తయారుగా దొరుకుతాయి కనుక తేడా అర మిల్లీమీటరు మాత్రమే.

నిర్మాణ దశలు

ముందుగా కాగితంపై పథకం గీస్తారు. తరువాత చెక్క చట్రంపై ప్లైవుడ్ బిగించి పట్టాలు, పాయింట్లు పరుస్తారు. పూర్తి పొడవు బోగీలకు మలుపు వ్యాసార్ధం 60 సెంటీమీటర్లకు తగ్గకుండా, ఎత్తు మీటరుకు 2 సెంటీమీటర్లకు మించకుండా చూసుకోవడం మంచిది. సాధారణ పద్ధతిలో పట్టాలకు 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు ఇస్తారు. డిజిటల్ పద్ధతిలో ఒకే పట్టాలపై అనేక ఇంజన్లను విడివిడిగా నడపవచ్చును. రైళ్ళు తడబడకుండా నడిచిన తరువాతనే కంకర పరచి, థర్మోకోలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లతో గుట్టలు, రంగు వేసిన రంపపు పొట్టుతో గడ్డి అమరుస్తారు. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే తేలికైన పొణికి కర్ర, చిన్న మనుషులను, ఇళ్ళను చెక్కుకోవడానికి అనువైనది.

ఉదాహరణ

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నానికి రైలుమార్గం లేదు. హైదరాబాదు నుండి అక్కడికి ఒక మార్గం ఉన్నట్లు ఊహించి నమూనా తయారు చేయదలచితే, సుమారు 30 కిలోమీటర్ల దూరం హెచ్.ఓ. స్కేలులో 345 మీటర్లు అవుతుంది. 22 ఎల్.హెచ్.బి. బోగీల రైలు ఇంజను కాకుండానే 6 మీటర్ల పొడవు వస్తుంది. ఇంత స్థలం ఏ ఇంటిలోనూ ఉండదు. అందువలన ఒక స్టేషను, పెద్దచెరువు గట్టు, ఒక లెవెల్ క్రాసింగు మాత్రం తీసుకొని, నాలుగైదు బోగీల రైలుతో సరిపెట్టుకుంటారు. ఏది ఉంచవలెను, ఏది వదలవలెను అన్న నిర్ణయమే ఈ కళలో కష్టమైన భాగం.

ప్రగతిని పంచుకోవడం

లేఅవుట్ పూర్తి కావడం అరుదు. అందుచేత అభిరుచిపరులు సమావేశాలలో, పత్రికలలో పూర్తికాని పనినే చూపుతారు. ప్రతి దశలోనూ ఒకే చోటు నుండి ఛాయాచిత్రం తీయడం, పథకంతో పాటు కొలతలు ఇవ్వడం, బండి ఎక్కడ పట్టాలు తప్పినదో, దానిని ఎట్లు సరిదిద్దినారో చెప్పడం మంచి నివేదిక లక్షణాలు. చూసినవారు చేసే సూచనలు కంకర అతకక ముందే అందితే మార్పు సులభం. కొన్ని సంఘాలలో సభ్యులు తలా ఒక బల్లపై ఒక్కొక్క భాగాన్ని నిర్ణీత కొలతలతో నిర్మించి, ప్రదర్శన రోజున అన్నింటినీ కలిపి ఒకే మార్గంగా నడుపుతారు.

భారతదేశంలో

పుణె నగరంలోని కొత్రూడ్‌లో జోషీ చిన్నరైళ్ళ ప్రదర్శనశాల 1998లో ప్రారంభమైనది. ఒక వ్యక్తి అభిరుచితో మొదలైన ఈ లేఅవుట్ హెచ్.ఓ. స్కేలులో ఉన్నది. విదేశీ సంస్థలు ఎక్కువగా తమ ప్రాంతాల రైళ్ళ నమూనాలనే తయారు చేస్తాయి కనుక, భారతీయ రైళ్ళను కోరుకునేవారు అట్ట, ప్లాస్టిక్ రేకులతో సొంతంగా నిర్మించుకోవలసి వస్తుంది.

తెలుగు ప్రాంతాలలో నమూనాకు తగిన విషయాలు అనేకం గలవు. నిజాం రాష్ట్రంలో వాడి – సికింద్రాబాదు మార్గం 1874లో ప్రారంభమైనది. నాంపల్లి స్టేషను 1907లోను, గుమ్మటం, మినార్లతో కూడిన కాచిగూడ స్టేషను 1916లోను నిర్మించబడినవి. సికింద్రాబాదు నుండి మన్మాడ్, ద్రోణాచలం వైపు వెళ్ళే మార్గాలు మొదట మీటరుగేజివి. 1992లో ఏకగేజి విధానం ప్రారంభమైన తరువాత ఇవి క్రమంగా బ్రాడ్‌గేజికి మార్చబడినవి. పునరభివృద్ధి పనులలో భాగంగా సికింద్రాబాదు స్టేషను పాత ముఖభాగాన్ని 2025లో తొలగించినారు.

ఆ మీటరుగేజి బండ్లు, ఆ కట్టడం ఇక తిరిగి రావు. కొలతలు, ఛాయాచిత్రాలు సేకరించి వాటిని 87వ వంతులో నిర్మించి, ప్రతి దశను రాసిపెట్టినచో, ఆ పని వినోదానికే పరిమితం కాక స్థానిక చరిత్రకు ఆధారమవుతుంది. విద్యార్థులకు నిష్పత్తి, విద్యుత్తు, భూగోళం అనే మూడు పాఠాలను ఒకే బల్లపై నేర్పుతుంది.