మైలుతుత్తము కథ

ద్రాక్షపండ్ల మాధుర్యము నెఱిఁగినవారు పలువురు గలరు. ఆ తీఁగకు వచ్చు తెగుళ్ల చరిత్ర విన్నవారు మనలో నరుదు. ఉపాధ్యాయవృత్తి విరమించిన పిమ్మట నేను చదివిన సంగతులలో నన్ను మిక్కిలి నాలోచింపఁజేసినది యిదియే గావున దీనినే నేఁడు విన్నవింతును.

మధ్యధరా తీరవాసులకు గోధుమ, ద్రాక్ష, ఒలీవ యను మూఁడును జీవనాధారములు. గోధుమకు వచ్చు త్రుప్పుతెగులునకు రోమకులు రోబిగస్ అను దేవత నధిష్ఠాతగా నెంచి, యేటేట ఏప్రిలు 25వ తేదీని ఎఱ్ఱని కుక్కను బలి యిచ్చుచుండిరి. మన పల్లెల జాతరలను జూచి నవ్వువారు దీనిని గూడ జ్ఞప్తియం దుంచుకొందురు గాక!

1807లో దక్షిణ ఫ్రాన్సునందలి మోంటొబాన్ పట్టణమున బెనెడిక్ట్ ప్రెవో అను పండితుఁ డుండెను. గోధుమ కాటుకతెగులునకుఁ గారణము సూక్ష్మమైన బూజుజాతి మొక్కయే యనియు, రాగి లవణము లేశమాత్ర మున్నను దాని బీజములు మొలకెత్తవనియు నతఁడు సూక్ష్మదర్శినితోఁ బరీక్షించి వ్రాసెను. రాజధానిలోని పెద్దలు సమ్మతింపరైరి. గ్రంథము మూలఁ బడెను.

1845లో ఇంగ్లండునందు టక్కరను తోఁటమాలి ద్రాక్షాకులపైఁ దెల్లని బూడిదవంటి తెగులు గనెను. కొలఁది యేండ్లలో నది ఫ్రాన్సును ముంచెను. 1854లో నచటి ద్రాక్షసారాయము సుమారు 1 కోటి 10 లక్షల హెక్టోలీటర్లకు దిగజాఱెను. అంతకుముందటి మంచి పంటలలో నది నాలవవంతైనఁ గాదు. మోంపెల్యే ప్రాంతమున హెన్రీ మారెస్ గంధకపుఁ బొడి నెప్పు డెప్పుడు చల్లవలయునో నిర్ణయించి చెప్పఁగా రైతులు తేఱుకొనిరి.

ఆ పిదప వేరుపురుగు వచ్చెను. దానికి లొంగని యమెరికా తీఁగలను దెప్పించిరి. 1878లో వేఱొక బూజుతెగులు ఫ్రాన్సునఁ గానవచ్చెను. నేఁటి శాస్త్రజ్ఞులు దానిని నిజమైన శిలీంధ్రముగా నెంచరు గాని, యాకు రాలిన రైతునకు వర్గభేదముతోఁ బని యేమి? 1882లో మియార్డే అను నాచార్యుఁడు బోర్డో సమీపమున మెడోక్ సీమలో నడచుచు, బాటప్రక్క తీఁగలు మాత్రము పచ్చగా నుండుటఁ జూచెను. విచారింపఁగా, బాటసారులు పండ్లు దొంగిలింపకుండ మైలుతుత్తమును సున్నమును గలిపి చల్లిరని తెలిసెను! అతఁడు మూఁడేండ్లు పరీక్షించి 1885లో యోగమును బ్రకటించెను.

నా మనసున కష్టముగాఁ దోఁచున దొక్కటి. తెగులు వచ్చినది 1878. మందు దొరకినది 1885. ప్రెవో మాట విని రాగిని మందుగా నెఱిఁగియుండినచో నీ యేడు పంటలలో నెన్ని నిలిచెడివో! తెలిసిన సంగతియే 78 ఏండ్లు మూలుగవలసివచ్చెను.

ఒలీవ యాకుమచ్చకు సయితము రాగిమందులే చల్లుదురు. అయినను రాగి నేలలోఁ బేరుకొని వానపాములకుఁ గీడు సేయును. కావుననే ఐరోపా సమాఖ్య 2019 నుండి హెక్టారునకు 7 ఏండ్లలో 28 కిలోలకు మించరాదని కట్టడి చేసెను.

మా యూరి తమలపాకుతోఁటలలో నీ మిశ్రమము చల్లుట నేను బాల్యమునఁ జూచితిని. మట్టికుండలోఁ గలిపిన ద్రవమున నినుపకత్తి ముంచెడివారు. కత్తికి రాగిరంగు పట్టినచో మఱికొంత సున్నపుతేట పోసి మరల ముంచెడివారు. రంగు పట్టనప్పుడే చల్లుట.