కొరియన్ల పేర్లు – వాటి అర్థాలు

కొరియన్ల పేరులో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత వస్తాయి. ఈ వరుస తెలుగువారికి పరిచితమైనదే. ఇంటిపేరు సాధారణంగా ఒకే అక్షరం; పెట్టిన పేరు చాలావరకు రెండక్షరాలు. 2000లో నోబెల్ శాంతి బహుమతి పొందిన కిమ్ దే-జంగ్ ఇంటిపేరు కిమ్. 'దే' అనగా గొప్ప, 'జంగ్' అనగా మధ్య. 2024లో నోబెల్ సాహిత్య బహుమతి అందుకొన్న హాన్ కాంగ్‌ది ఏకాక్షర నామం. 'కాంగ్' అనగా నది. వివాహానంతరం స్త్రీ ఇంటిపేరు మారదు.

2015 జనగణన ప్రకారం దక్షిణ కొరియాలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా కిమ్ ఇంటిపేరువారే. కిమ్, లీ, పార్క్ మూడూ కలిపితే జనాభాలో దాదాపు 45 శాతం. కనుక మనిషిని వేరుగా గుర్తించే భారం పెట్టిన పేరుపైనే అధికంగా పడుతుంది.

ధ్వని ఒకటి, అర్థాలు అనేకం

సంప్రదాయ నామాలు చీనా లిపిలోని 'హంజా' అక్షరాలతో ఏర్పడతాయి. ఉచ్చారణ ఒకటైనా, వ్రాసే అక్షరాన్ని బట్టి అర్థం మారుతుంది. 'జి' జ్ఞానం కావచ్చు, సంకల్పం కావచ్చు. 'హో' పులి కావచ్చు, విశాలత కావచ్చు. 'మిన్' అనగా చురుకుదనం లేదా ప్రజలు; 'సు' అనగా శ్రేష్ఠత లేదా దీర్ఘాయువు. 'మి' అందానికి, 'హ్యోన్' వివేకానికి తరచుగా వాడతారు. అందువల్ల హంజా చూడనిదే పేరుకు అర్థం నిశ్చయంగా చెప్పలేము.

తరాన్ని తెలిపే అక్షరం

ఒకే తరానికి చెందిన అన్నదమ్ములు, పెదతండ్రి పినతండ్రి బిడ్డలు ఒక అక్షరాన్ని పంచుకొంటారు. దీనిని 'దొల్లిమ్‌జా' అంటారు. హ్యుందాయ్ సంస్థాపకుడు చుంగ్ జు-యంగ్ తమ్ముళ్లు ఇన్-యంగ్, సె-యంగ్, సాంగ్-యంగ్ మొదలైనవారు. 'యంగ్' అనగా శాశ్వతం. ఆయన కుమారులు మోంగ్-కూ, మోంగ్-హన్, మోంగ్-జూన్ ప్రభృతులకు 'మోంగ్', అనగా స్వప్నం, ఉమ్మడి. మనుమల తరంలో యుయి-సన్, కి-సన్ పేర్లకు 'సన్' సామాన్యం. ఉమ్మడి అక్షరం ఒక తరంలో చివర, మరు తరంలో ముందు వస్తున్నది. వంశావళి గ్రంథాలు ఇటువంటి అక్షరాలను ముందుగానే నిర్ణయిస్తాయి. కొన్ని వంశాలు కొయ్య, అగ్ని, భూమి, లోహం, జలం అనే పంచతత్త్వాల వరుసను పాటిస్తాయి. ఆడపిల్లలకు ఈ అక్షరం ఇవ్వని కుటుంబాలే పూర్వం ఎక్కువ.

పేరు కోల్పోయిన కాలం

1910 నుండి 1945 వరకు కొరియా జపాను పాలనలో ఉన్నది. 1940 ఫిబ్రవరి 11 నుండి ఆరు నెలల గడువులో జపాను తరహా ఇంటిపేర్లు నమోదు చేసుకోవలసినదిగా ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది. దాదాపు 80 శాతం కుటుంబాలు లొంగవలసి వచ్చింది. వంశమే గుర్తింపుగా బ్రతికిన సమాజానికి ఇది పితృదేవతల నుండి వేరుపడటమే. 1946లో దక్షిణ భాగాన పూర్వనామాల పునరుద్ధరణకు ఉత్తర్వు వెలువడింది. ఆ కాలపు స్త్రీల పేర్లలో 'యంగ్-జా', 'సున్-జా' వంటివి మాత్రం నిలిచిపోయాయి. చివరి 'జా' జపాను స్త్రీనామాల 'కో'కు వ్రాసే అక్షరమే.

దేశీయ నామాలు

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో హంజా అవసరం లేని అచ్చ కొరియా పేర్లకు ఆదరణ పెరిగింది. హనుల్ (ఆకాశం), ఆరుమ్ (అందం), ఇసుల్ (మంచుబిందువు), సుల్గి (వివేకం), బోరా (ఊదారంగు) ఇటువంటివి. పూర్వం పసిబిడ్డలకు దిష్టి, రోగాలు తగలకుండా 'గెత్తోంగ్', అనగా కుక్కమలం, అని ముద్దుపేరు పెట్టే ఆచారమూ ఉండేది. పెంటయ్య, పెంటమ్మ పేర్లు విన్న తెలుగువారికి ఇందులోని తల్లిదండ్రుల భయం సులభంగా అర్థమవుతుంది.

పిలిచే పద్ధతి

పెద్దలను పేరు పెట్టి పిలవడం కొరియాలో అమర్యాద. ఉద్యోగులను ఇంటిపేరుకు హోదాను, దానిపై గౌరవవాచకమైన 'నిమ్'ను చేర్చి పిలుస్తారు. సమవయస్కుల పేరుకు 'స్సి' చేరుస్తారు. కేవలం ఇంటిపేరుకు 'స్సి' చేర్చితే చులకనగా వినిపిస్తుంది. 2019లో పెనుకొండ సమీపాన కియా కార్ల ఉత్పత్తి ఆరంభమైన తరువాత కొరియన్లతో కలిసి పనిచేసే సరిహద్దు ప్రాంతాలవారికి ఈ మర్యాద తెలిసి ఉండటం ఉపయోగకరం.