చింతచెట్టుకి నిద్రమాత్ర దేనికి?

అమెరికా వెళ్ళొచ్చిన మావాళ్ళ బ్యాగుల్లో తరచూ కనబడే వస్తువు మెలటోనిన్ డబ్బా. జెట్‌లాగ్‌కి మందట. చీకటి పడ్డాక మన మెదడులో తయారయ్యే హార్మోను అది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేశాడు. ఇంతవరకూ బానే ఉంది. కానీ మొక్కల్లో కూడా ఉంటుందని చదివినప్పుడు మాత్రం నవ్వొచ్చింది. చెట్టుకి నిద్రమాత్ర దేనికండీ?

అప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు గుర్తొచ్చింది.

పాతబస్తీ నుంచి నయాపుల్ దాటగానే అఫ్జల్‌గంజ్. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఇక్కడ ఇళ్ళ మీదుగా పారింది. పైనున్న చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగడమే ముఖ్య కారణం. పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. ఒక సర్వర్ పడిపోతే లోడంతా పక్కదాని మీద పడి అదీ పోతుంది చూడండి, అచ్చం అలాగే. దాదాపు 15,000 మంది పోయారంటారు. తర్వాత రుబాయీలతో పేరు తెచ్చుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు, ముగ్గురూ ఆ నీళ్ళలోనే పోయారు. ఈ చింతచెట్టు ఎక్కిన సుమారు 150 మంది మాత్రం బతికి బయటపడ్డారు.

ఈ కథ చాలామందికి తెలిసిందే. నా సందేహం వేరే. మనుషులు చెట్టెక్కారు సరే, మరి చెట్టు ఎక్కడికి ఎక్కాలి?

వరదలో చెట్టుకి ప్రమాదం కింద, వేర్ల దగ్గర. మట్టి రేణువుల మధ్య ఉండే గాలిని నీళ్ళు తోసేస్తాయి. నీటిలో ఆక్సిజన్ కదలిక గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మది. వేళ్ళకి ఊపిరాడదు. కణాల్లో హాని చేసే ఆక్సిజన్ రూపాలు పేరుకుంటాయి, ఇథిలీన్ పెరుగుతుంది, ఆకులు పండి రాలతాయి. మెలటోనిన్ పని ఇక్కడే. 1995లో జర్మనీ, జపాన్ బృందాలు విడివిడిగా దాన్ని తినే మొక్కల్లో కనుక్కున్నాయి. అది ఆ విషపు ఆక్సిజన్‌ని అణుస్తుంది. నీట మునిగిన లూసర్న్ గడ్డికి ముందే మెలటోనిన్ ఇస్తే ఇథిలీన్ తగ్గి, నష్టం కూడా తగ్గిందని 2019లో ప్రచురించారు. మోతాదు మాత్రం ముఖ్యం. కొద్దిగా ఇస్తే వేళ్ళు పెరుగుతాయి, ఎక్కువైతే ఆగిపోతాయి. మొక్కలో దాన్ని అందుకునే రిసెప్టర్ దొరికిందని 2018లో ఒక చైనా బృందం ప్రకటించింది గానీ దాని మీద వాదన తెగలేదు.

అంటే ఆ చింతచెట్టుని మెలటోనినే కాపాడిందా? అలా అనను. వరద త్వరగా తీసింది, చింత వేరు లోతుగా దిగుతుంది, ఈ రెండూ పెద్ద కారణాలే అయ్యుంటాయి. నేను చెప్పొచ్చేదల్లా ఒకటే. మనం కదలకుండా నిలబడిందనుకునే చెట్టు లోపల, పారిపోలేని ప్రాణి చేసే పోరాటం ఒకటి నడుస్తుంటుంది. మనకి నిద్రపుచ్చే అణువే దానికి ఆ పోరాటంలో ఆయుధం.

వరద తర్వాత మనుషులూ తమ వంతు చేశారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అయినా 2020 జూలైలో వాన నీళ్ళు ఉస్మానియా వార్డుల్లోకొచ్చాయి. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పాత ఆవరణ రేపు ఏమవుతుందో గానీ, చెట్ల మొదళ్ళ చుట్టూ సిమెంటు పోసి "అభివృద్ధి" అనే అలవాటు మనకుంది. సిమెంటు వేసినా వేళ్ళకి ఊపిరాడకపోవడం అదే కదా. పైగా వరదైతే తీస్తుంది, సిమెంటు తియ్యదు.

150 ప్రాణాలకి బదులుగా ఆ మొదట్లో నాలుగు గజాల మట్టి వదిలెయ్యలేమా?