సిరాతో వ్రాసిన సాక్ష్యం



శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంచిక కమిటీవారు నన్ను కోరినప్పుడు, మన దేవాలయాలను గూర్చి గాని, పాఠశాలలను గూర్చి గాని వ్రాయమని మిత్రులు సలహా ఇచ్చారు. ఆ సంగతులు నాకంటె బాగుగా వ్రాయగలవారు మనలో అనేకులున్నారు. అందుచేత నేను ఒక చిన్న వస్తువును ఎంచుకొన్నాను. మన పూర్వులు రాత్రివేళ లాంతరు ముందు కూర్చుండి వ్రాసుకొన్న దినచర్య పుస్తకమే అది. మనం ఈనాడు చరిత్ర అని చెప్పుకొంటున్న దానిలో అధికభాగం ఆ పుస్తకాల నుండి వచ్చినదే. అవి నిలిచిన చోట చరిత్ర నిలిచింది, తడిసి నశించిన చోట మనుష్యుల పేర్లే నశించాయి. ఆ నష్టంలో నాకూ పాలు ఉన్నది గనుక ఈ మాటలు వ్రాస్తున్నాను.

బారూకు చేసిన పని

దినచర్య వ్రాయడం లోకసంబంధమైన అలవాటని కొందరు అనుకొంటారు. యిర్మీయా గ్రంథం ముప్పది ఆరవ అధ్యాయం చదివినవారు అలా అనుకోరు. ప్రవక్త చెప్పుచుండగా బారూకు సిరాతో గ్రంథంలో వ్రాశాడు. యెహోయాకీము రాజు ఆ చుట్టను చాకుతో కోయించి కుంపటిలో వేయించాడు. యిర్మీయా మరియొక చుట్ట తీసికొని ఇయ్యగా బారూకు మరల మొదటినుండి వ్రాశాడు. సిరా, కలము, మరల వ్రాసే ఓపిక ఆనాడు లేకపోతే ఆ మాటలు మన వరకు వచ్చేవా? పౌలు సహితం చెరసాలలో ఉండి తిమోతిని తెమ్మని కోరినవి అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు.

జాన్ వెస్లీగారి హృదయం 1738 మే 24న అల్డర్స్‌గేట్ వీధిలోని కూటంలో మారినదని మనం ప్రసంగాలలో వింటుంటాం. అది రాత్రి తొమ్మిది గంటలకు ఇంచుమించు పావుగంట ముందని కూడా చెప్పగలుగుతున్నాం. ఆయన దినచర్య వ్రాసుకొన్నందువల్లనే ఆ గడియ మనకు తెలిసింది.

తెలుగుదేశంలో దినచర్యలు

మన దేశస్థులకు ఈ అలవాటు లేదని, దొరలే నేర్పారని అనడం సరికాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో చూచిన ఊళ్ళు, ఏళ్ళు, సత్రాలు, బాడుగలు, అన్నీ ఎప్పటికప్పుడు వ్రాసుకొన్నారు. ఆయన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారు 1838లో దానిని అచ్చు వేయించారు. అదే కాశీయాత్ర చరిత్ర. ఆనాటి తెలుగు పల్లెలు, బాటలు ఎట్లుండెనో తెలిసికోవలెనంటే నేటికీ ఆ పుస్తకమే శరణ్యం.

మిషనరీల విషయంలో దినచర్య ఉద్యోగధర్మం కూడా. 1869లో సూయజ్ కాలువ తెరవకముందు ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి పోవలసి ఉండేది. జాబు చేరడానికి నెలలు పట్టేది. ఇక్కడ ఏమి జరుగుతున్నదో మిషన్ పెద్దలు తెలిసికోవడానికి మిషనరీల లేఖలు, దినచర్యల నకళ్ళు తప్ప వేరే మార్గం లేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ దొరలు మొదలుకొని, 1842లో గుంటూరు చేరిన హయ్యర్ అయ్యగారి వరకు, అందరూ ఇట్లే వ్రాసి పంపినవారు.

1841లో మచిలీపట్నం వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్సుగారిని చూడండి. ఆయనతో వచ్చిన రాబర్ట్ నోబుల్‌గారు 1843లో పాఠశాల తెరచి, 1865లో తాము మరణించే వరకు ఆ పట్టణాన్ని విడువలేదు. ఫాక్సుగారు పల్లెలలో తిరిగి సువార్త చెప్పిన మనిషి. ఇక్కడి ఎండకు ఆరోగ్యం చెడింది. 1845లో భార్యను పోగొట్టుకొన్నారు. 1848లో ముప్పది ఒక్క యేండ్ల వయస్సులో ఇంగ్లండులో కన్నుమూశారు. ఆయన సేవాకాలం ఎంతో కొద్ది. అయినా ఆయన లేఖలు, దినచర్య ఆధారంగా సహోదరుడు 1850లో జీవిత చరిత్ర ప్రచురించినందువల్ల, ఆ కొద్ది సంవత్సరాల ప్రయాస మనకు కండ్లకు కట్టినట్లున్నది.

ఇక్కడే ఒక బాధ కూడా ఉన్నది. ఫాక్సుగారి వెంట నడిచిన తెలుగు మనిషి ఎవరు? దొరగారి గుఱ్ఱానికి ముందు చీకటిలో కాగడా పట్టినవాడు, పల్లెవారి మాట ఆయనకు బోధపరచినవాడు ఏమి తలంచాడు? విశాఖపట్నంలో బైబిలు అనువాదానికి తోడ్పడిన ఆనందరాయరుగారిని గూర్చి మనకు తెలిసినదంతా ఇంచుమించు మిషనరీల వ్రాతలనుండి వచ్చినదే. ఆ వ్రాతలు కూడా మన దగ్గర లేవు. లండన్ మిషన్ కాగితాలు లండనులోని సోయాస్ గ్రంథాలయంలోను, చర్చి మిషన్ కాగితాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోను భద్రంగా ఉన్నవి. మన పల్లెకు సువార్త వచ్చిన దినం తెలియవలెనంటే మనం సముద్రం దాటి వెళ్ళి అడగవలసి వస్తున్నది. వారు దాచుకొన్నారు, మనం దాచుకోలేదు.

మా తాతగారి బైండు పుస్తకాలు

మా తాతగారు కృష్ణాజిల్లా తీరగ్రామాలలో ఉపదేశిగా పనిచేశారు. జీతం కొంచెం. అయినా యేడాదికొక బైండు పుస్తకం కొనడం మానలేదు. చిన్న సైజు చాలు అని మా నాయనమ్మ అంటే, దేవుని పనికి లెక్క చిన్న పుస్తకంలో పట్టదు అనేవారట. అందులో ఆయన ఏమి వ్రాశారు? ఏ పేటలో ఎవరు ప్రార్థనకు వచ్చారు, ఎవరు రాలేదు. స్త్రీలు వంటకు పోసేముందు తీసి ఉంచిన పిడికెడు బియ్యం వారానికి ఎన్ని మానికలైంది. కలరా వచ్చిన యేట ఎవరెవరిని సమాధి చేసింది. ఎవరికి భూస్వామి కూలి ఆపాడు. ఒక పుటలో ఒకే ఒక వాక్యం ఉన్నది, ఆ దినం తనకు ప్రార్థించ బుద్ధిపుట్టలేదని. మా ఇంటిలో ఆయనను గూర్చి చెప్పుకొనే గొప్పలన్నిటికంటె ఆ ఒక్క వాక్యమే నాకు ఆయనను దగ్గర చేసింది.

కలము, సిరా, కాగితము

ఆ పుస్తకాలు నేటికీ చదువ వీలుగా ఉండడానికి కారణం ఆయన వాడిన సిరా. పూర్వపు సిరా మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి, తుమ్మజిగురు చేర్చి చేసేవారు. వ్రాసినప్పుడు వెలవెలబోయినట్లుండి, గాలి తగిలిన కొలది నల్లబడి కాగితపు పీచులో దిగిపోతుంది. తరువాత నీళ్ళు పడినా పోదు. రిజిష్టర్లకు శతాబ్దాల తరబడి ఇట్టి సిరానే వాడుతూ వచ్చారు. పులుపు మితిమీరితే కాగితాన్ని తినివేస్తుంది, అది దాని దోషం. ఫౌంటెన్ పెన్నుకు అనుకూలంగా దానినే పలుచన చేసి, వ్రాసేటప్పుడు కనబడడానికి నీలిరంగు కలిపినదే మనం ఎరిగిన బ్లూబ్లాక్ సిరా. పెన్నులో ఎండనిస్తే గడ్డకడుతుంది గనుక నెలకొకసారి మంచినీళ్ళతో కడగవలెను. పిల్లలు బడిలో వాడే ఉతికితే పోయే నీలి సిరా వేరు. ఇంకు బిళ్ళలు నీళ్ళలో కరిగించి చేసికొన్న సిరా కూడా ఆ జాతిదే.

కలము సంగతికి వస్తే, సిరాబుడ్డిలో ముంచి వ్రాసే పాళీతో ప్రయాణం చేయడం కష్టం. సిరా దిగుచున్న కొలది గాలి లోనికి పోయే సన్నని కాలువ గల పెన్నుకు వాటర్‌మన్ 1884లో అమెరికాలో పేటెంటు పొందాడు. అది వచ్చిన తరువాతనే పల్లెలు తిరిగే సేవకుడు చెట్టుక్రింద కూర్చుండి వ్రాసుకోగలిగాడు. మన రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నంగారు ఎబొనైటు కడ్డీలను తరిమెన పట్టి స్వదేశీ పెన్నులు తయారుచేశారు. ఆ పెన్నును గాంధీగారికి చేర్చినవారు జె.సి. కుమారప్పగారు. ఆయన తంజావూరులో పుట్టిన క్రైస్తవుడు, గ్రామ పరిశ్రమల సంఘానికి ఆయువుపట్టు అయిన మనిషి. గాంధీగారు 1935 జూలై 16న రత్నంగారికి కృతజ్ఞతలు తెలుపుతూ జాబు వ్రాశారు. గోదావరి ఒడ్డున పుట్టిన కలము గాంధీగారి చేతికి ఒక క్రైస్తవ సహోదరుని ద్వారా చేరడం మనం మరువరాని సంగతి.

కాగితం విషయంలోనే మనం ఎక్కువ మోసపోతాం. గుడ్డపీలికలతో చేసిన పాత కాగితం రెండువందల యేండ్లైనా మెత్తగా ఉంటుంది. కొయ్యగుజ్జుతో చేసి, పటిక, గుగ్గిలం పట్టించిన చౌక కాగితం కొన్ని దశాబ్దాలకే పసుపుబారి, అప్పడంవలె విరిగిపోతుంది. కొనేటప్పుడు అంచున ఒక గీత గీచి చూడండి. సిరా ఈకలు కట్టినట్లు ప్రాకితే ఆ పుస్తకం సంఘపు పనికి రాదు.

1977 నవంబరు

ఇక నా తప్పును చెప్పవలసి ఉన్నది. అప్పటికి నేను మా సంఘానికి కార్యదర్శిని. గురువుగారి స్థానం ఖాళీగా ఉండడంచేత ఇన్‌చార్జి అయ్యగారు నెలకొకసారి వచ్చి బాప్తిస్మాలు ఇచ్చి వెళ్ళేవారు. రిజిష్టరు బీరువాలో ఉండేది, తాళం ఒకచోట, నేనొకచోట. అందుచేత పేర్లన్నీ అప్పటికప్పుడు నా చౌక నోటుపుస్తకంలో, జేబులోని పెన్నుతో, నీలి సిరాతో వ్రాసుకొన్నాను. తీరికగా మంచి దస్తూరితో రిజిష్టరులో ఎక్కించవచ్చునని తలంచాను. అట్లు పదునాలుగు నెలలు గడచిపోయినవి.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. వేలాది ప్రాణాలు పోయిన ఆ దినమందు పుస్తకాలను గూర్చి ఆలోచించినవారెవరు? నీళ్ళు తీసిన తరువాత బీరువా తెరిచాం. బాప్తిస్మ రిజిష్టరు ఉబ్బి, బురదపట్టి ఉన్నది. పుటలు ఒక్కొక్కటిగా విడదీసి నీడలో ఆరవేస్తే, పాత అయ్యగార్ల బ్లూబ్లాక్ అక్షరాలు చెక్కుచెదరలేదు. మా తాతగారి పుస్తకాలూ అంతే. నా నోటుపుస్తకం మాత్రం విప్పితే అన్ని పుటలూ ఒకే లేత నీలిరంగు. ఒక్క పేరు లేదు.

నేను ఇల్లిల్లూ తిరిగి పేర్లు మరల వ్రాసుకొన్నాను. ఇళ్ళు ఉన్నచోట చెప్పారు. కొన్ని చోట్ల ఇల్లే లేదు. ఆ పదునాలుగు నెలలలో బాప్తిస్మం పొందిన పసిబిడ్డలలో కొందరికి ఏ పేరు పెట్టామో చెప్పడానికి తల్లి లేదు, తండ్రి లేదు, పొరుగువారూ లేరు. నేను ఆ పేర్లను నా చెవులతో విన్నాను, నా చేతితో వ్రాశాను. ఎంత ప్రయత్నించినా జ్ఞాపకం రాలేదు. వారి పేర్లు జీవగ్రంథమందు ఉన్నవని మా అయ్యగారు నన్ను ఓదార్చారు. నిజమే. అయితే మా సంఘపు గ్రంథంలో ఉండవలసినవి నా అశ్రద్ధవల్ల లేకపోయినవి.

మనం చేయదగినది

నూరేండ్ల పండుగ చేసికొంటున్న ఈ సమయంలో నా మనవి కొద్దిపాటిదే. ప్రతి సంఘంలో బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిష్టర్లు ఆ దినమందే, మంచి కాగితంపై, నీటికి చెరగని సిరాతో వ్రాయబడవలెను. రేపు ఎక్కించుదాం అనే మాట వద్దు. పాత పుస్తకాలను ప్లాస్టిక్ సంచులలో బిగించకండి, తేమ లోపలే నిలుస్తుంది. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా ఉంచి, యేటికి రెండుసార్లు చెదలకోసం చూడండి. ఇప్పుడు ప్రతి ఇంటిలో ఫోటో తీసే సెల్‌ఫోను ఉన్నది గనుక ప్రతి పుటకూ ఫోటో తీయించి, ఒక ప్రతి అధ్యక్ష మండల కార్యాలయంలోను, ఒక ప్రతి మరియొక ఊరిలోను ఉంచండి. అయితే ఫోటో ఉన్నదని మూలాన్ని పారవేయకండి.

ఇళ్ళలో తాతముత్తాతల పుస్తకాలుంటే పాతకాగితాలవానికి తూచి అమ్మకముందు గురువుగారికి చూపండి. యౌవనులు ప్రతి రాత్రి నాలుగు వాక్యాలు తమ చేతితో వ్రాసే అలవాటు చేసికొనండి. గొప్ప సంగతులే కానక్కరలేదు. ప్రార్థించ బుద్ధిపుట్టని దినం ఉంటే అదీ వ్రాయండి. మీ మనవడొకడు అది చదివి బలపడవచ్చును.

నేను ఇప్పుడు వృద్ధుడను. చేయి వణకుతున్నది. అయినా ఈ వ్యాసాన్ని మా తాతగారి పద్ధతిలోనే బైండు పుస్తకంలో, బ్లూబ్లాక్ సిరాతో వ్రాసి, నకలు తీసి కమిటీవారికి పంపుతున్నాను. మూలప్రతి నా పెట్టెలోనే ఉంటుంది.