వాన నీళ్లు ఎటు పోతాయి?

అమరావతిలో మా పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేద్దామని అన్నయ్య ప్లాను గీయించాడు. పునాది వీధి కంటే నాలుగడుగులు ఎత్తు. గోడ సరిగ్గా హద్దు మీద. మేడ మీద గది కిటికీ పక్కింటి దొడ్లోకి.

"మన డాబా నీళ్లు ఎక్కడ పడతాయి మేస్త్రీ?" అని అమ్మ అడిగింది.

"పక్క దొడ్లోకేనమ్మా, పల్లం అటేగా."

ఆ దొడ్లోనే పిన్ని పొయ్యి, మిరపకాయలు ఎండబోసుకునే చోటు, కప్పులేని తడికల స్నానాల గది. పిన్ని మాకు చుట్టం కాదు, నలభై ఏళ్ల పొరుగు. మా ప్లానులో ఆమె దొడ్డి ఉన్నచోట ఒట్టి తెల్లకాగితం.

ఆ ఖాళీ చూస్తుంటే మా ఊరి చరిత్ర గుర్తొచ్చింది. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి ఇక్కడ కొత్త రాజధాని కట్టుకున్నాడు. పక్కనే దీపాలదిన్నె. కొత్త కట్టడాలకి ఇటుకా, రాయీ ఆ దిబ్బ నుంచే తెచ్చారు. 1797లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే అది తవ్వి ఉంది. ఆ దిబ్బే ధాన్యకటక మహాస్తూపం.

ఆ రాళ్ల మీద పేర్లున్నాయి. సుమారు రెండు వేల ఏళ్ల కిందట స్తూపానికి రాళ్లు దానం చేసినవాళ్లలో భిక్షుణులు, గృహిణులు, తల్లులు, కూతుళ్లు ఎందరో. చర్మకారుడు విధికుడు పూర్ణఘటం చెక్కిన పలక ఇస్తూ తల్లినీ, భార్యనీ, కూతుళ్లనీ తనతో కలిపి చెప్పుకున్నాడు. రాజు కట్టించిన ఊరి గురించి మేం బడిలో విన్నాం. ఈ ఆడవాళ్ల గురించి వినలేదు.

రాజుకి ఆ పేర్లు తెలిసే వీలు లేదు. ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదవగలిగింది 1837లో. మరి చదవడం వచ్చాక? 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, అక్కణ్ణించి లండన్ వెళ్లిపోయాయి. తెలియక ఒకరు, తెలిసీ ఇంకొకరు.

2015లో ఈ ప్రాంతానికి మళ్లీ రాజధాని వచ్చింది. భూసమీకరణలో 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులకి ప్లాట్లు, ఏటా కౌలు అన్నారు. ఆ పొలాల్లో కూలి చేసుకున్న, సెంటు భూమి లేని కుటుంబాలకి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. 2019 డిసెంబరు నుంచి రాజధాని తరలింపుని వ్యతిరేకిస్తూ శిబిరాల్లో కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లే ముందున్నారు. ఆ గొంతులు దేశమంతా విన్నది. అవే పొలాల్లో కలుపు తీసిన ఆడవాళ్ల మాట అంతగా వినపడలేదు.

"అన్నిటికీ పక్కవాళ్లనే చూస్తే మనం ఎక్కడుంటాం?" అన్నాడు అన్నయ్య. నిజమే, మాది చిన్న స్థలం. గోడ మూడడుగులు లోపలికి జరిపితే అమ్మ గది తగ్గుతోంది. "నా గదేగా, తగ్గనీ" అంది అమ్మ. నాకా మాట నచ్చలేదు. పొరుగు మేలు కోసమైనా తగ్గాల్సింది ఎప్పుడూ ఆడవాళ్ల చోటేనా? రెండు రోజులు వాదించుకున్నాం. చివరికి అన్నయ్య కారు పెట్టుకోవాలనుకున్న చోటు తగ్గింది. పునాది రెండడుగులకి దించాం. గొట్టం వీధి కాలవలోకి మళ్లించాం. కిటికీ ఇటు వీధి వైపు తిప్పాం.

పిన్నిని పిలిచి కొత్త ప్లాను చూపించాం. ఆమె చదువుకోలేదు. తన దొడ్డి ఎక్కడో అడిగి, వేలు పెట్టి చూపించి, అక్కడ పొయ్యి గుర్తు వెయ్యమంది. వేశాం.